స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుకుంటున్నాం సరే, తిరిగి మనమేం ఇవ్వగలం? (కోడింగ్ రానివాళ్ల సంగతి)

బడి_గంట:
అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. కంప్యూటర్ ల్యాబ్ తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. మొత్తం తొమ్మిది సిస్టమ్‌లు, అన్నీ పాతవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 వేద్దామంటే ఒక్క మెషిన్ కూడా దానికి సరిపోదన్నారు.

సంక్రాంతికి ఊరొచ్చిన మా పూర్వ విద్యార్థి ఒకతను రెండు రోజులు ల్యాబ్‌లోనే కూర్చొని విండోస్ బదులు ఏడింటిలో లినక్స్ మింట్, మిగతా రెండింటిలో డెబియన్ 12 వేసి వెళ్లాడు (రెండూ లినక్స్ రకాలే). డెబియన్ వేసిన ఆ రెండూ పాతకాలపు 32 బిట్ మెషిన్లట, డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ తీసేశారట. అప్పటినుంచి ల్యాబ్ రోజూ నడుస్తోంది. ఏడో తరగతి పిల్లలు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద తెలుగు టైప్ చేస్తున్నారు. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ చెప్పిన కథ మొత్తం లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్) కొట్టి నాకు చూపించింది. రెండు పేజీలు. ఆ రోజు ఇంటికి వెళ్లాక కూడా అదే గుర్తొస్తూ ఉంది.

ఇదంతా తయారుచేసిన మనుషులెవరో నాకు తెలియదు. తీసుకుని ఊరుకోవడం మనసుకు బాగోలేదు. నాకు ప్రోగ్రామింగ్ రాదు, జీతం తప్ప వేరే ఆదాయం లేదు. నాలాంటివాడు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఏ విధంగా పనికొస్తాడు?

ఖాతా_పుస్తకం:
మాస్టారూ, పిల్లలకు మంచి పని చేశారు. కానీ ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఫ్రీగా ఇచ్చారు, వాడుకుంటున్నాం. దీనికి ఉద్యమం అనే పెద్ద పేరు ఎందుకు? నా ఫోన్‌లో సగం యాప్‌లు ఫ్రీనే. నేను అకౌంట్స్ పని చేస్తాను, మాకు కావలసిన ప్యాకేజీ లినక్స్‌లో రాదు. డబ్బు కట్టి కొనుక్కుంటున్నాం, పని జరుగుతోంది.

అచ్చు_పని:
ఖాతా_పుస్తకం గారూ, మీ ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. విజయవాడలో పాతికేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి కార్డులతో మొదలుపెట్టి పుస్తకాల దాకా వచ్చాను.

మొదట్లో మేం వాడిన తెలుగు ఫాంట్లన్నీ యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కంటే ముందువి. వాటిలో "క" అన్నది నిజానికి "క" కాదు. కంప్యూటర్ దృష్టిలో అది ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఆ ఫాంట్ ఉంటేనే తెరమీద తెలుగులా కనపడుతుంది. ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలు. పైగా ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక డాంగిల్ ఉండేది, వెనక పోర్టుకు తగిలించి ఉంచితేనే తెరుచుకునేది. డబ్బు కట్టి, బిల్లు తీసుకుని కొన్నదే. ఒకరోజు ఆ డాంగిల్ చచ్చిపోయింది. అమ్మిన వాళ్ల నంబర్ పనిచేయలేదు, కొత్తది ఇచ్చే నాథుడు లేడు.

అదే నెలలో ఒక పెద్దాయన తన కథల పుస్తకం రెండో ముద్రణకు వచ్చారు. మొదటి ముద్రణ నేనే కంపోజ్ చేశాను, ఫైలు నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. తెరవలేకపోయాను. 212 పేజీలు మళ్లీ టైప్ చేయించాం, ప్రూఫులు మళ్లీ మొదటినుంచి చూశాం. పుస్తకం ఆయనది, కష్టం నాది, డబ్బు కట్టింది నేను. అయినా తాళం మాత్రం వేరేవాడి చేతిలో ఉంది. ఉచితమా కాదా అన్నది ఆ రోజు నాకు ప్రశ్నే కాదు. ఇంగ్లీషులో రెండిటికీ ఫ్రీ అనే ఒక్కటే మాట. మనకు ఉచితం, స్వేచ్ఛ అని రెండు వేరువేరు మాటలు ఉన్నాయి. నాకు ఆ రోజు లేనిది రెండోది.

ఇప్పుడు పుస్తకాల పని స్క్రైబస్ 1.6 అనే స్వేచ్ఛా పేజీ లేఅవుట్ ప్రోగ్రాంలో చేస్తున్నాను. వత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. సిలికానాంధ్ర వాళ్లు స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చిన మండలి, సురవరం, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడుతున్నాను. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపితే చాలు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, కొన్ని యాడ్ ఏజెన్సీలు ఇంకా పాత ఫాంట్ల ఫైలే అడుగుతాయి కాబట్టి ఒక పాత మెషిన్ మూలన ఉంచాను.

రాత్రి_డ్యూటీ:
అచ్చు_పని గారు చెప్పినదానికి నావైపు నుంచి కొంచెం. (హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం.)

ఈ కథ మొదలైందే అలాంటి కోపంతో. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేస్తుండగా కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ మెసేజ్ వెళ్లేలా పాత ప్రింటర్ ప్రోగ్రాంను ఆయన అంతకుముందు మార్చి పెట్టాడు. కొత్తదానికి సోర్స్ కోడ్ (మనిషి చదివి మార్చగలిగే రూపంలో ఉన్న ప్రోగ్రాం) ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, ఇవ్వనని సంతకం పెట్టానన్నాడట. స్టాల్‌మన్ 1983 సెప్టెంబర్ 27న స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను లోపల నడిపించే భాగం) రాసి, మరుసటి ఏడాది దాన్ని గ్నూ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందకు తెచ్చాడు. మాస్టారి ల్యాబ్‌లో ఇప్పుడు నడుస్తున్నది ఈ రెండూ కలిసిందే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో చూసి, మన అవసరానికి మార్చుకోవచ్చు. పక్కవాళ్లకు కాపీ ఇవ్వచ్చు. మార్చినదాన్ని కూడా పంచుకోవచ్చు. ఈ నాలుగూ ఉంటేనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మీ ఫోన్‌లోని ఫ్రీ యాప్‌లలో చాలావాటికి మొదటిది కూడా పూర్తిగా ఉండదు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. మన అక్షరం, మన భాష. అయినా ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా తెలుగువాళ్లెవరూ ఆ కోడ్ తెరిచి చూడలేకపోయారు. వత్తుల తప్పులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ వస్తాయి. కానీ లినక్స్‌లో తెలుగు అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌లో తప్పు కనపడితే, ఆ వరుస ఎక్కడుందో వెతికి, సరిచేసి పంపే హక్కు మీ ఊళ్లో కూర్చున్న విద్యార్థికి కూడా ఉంది.

నాలుగు_స్వేచ్ఛలు:
మాస్టారికి అభినందనలు. ఒక్క సూచన. పూర్తి స్వేచ్ఛా సిస్టమ్‌లంటూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించిన జాబితాలో మింట్ లేదు, డెబియన్ కూడా లేదు. ట్రిస్క్వెల్ లాంటివి ఉన్నాయి. అలాగే పిల్లల లెక్కలకు జియోజెబ్రా వాడుతుంటే దాని షరతులు చదవండి. కోడ్ స్వేచ్ఛా లైసెన్సు కిందే ఉన్నా, మనం దించుకునే ఇన్‌స్టాలర్లు వ్యాపారం కాని వాడకానికే. బడికి ఇబ్బంది లేదు, కానీ అది పూర్తి స్వేచ్ఛ కాదని పిల్లలకు తెలియాలి.

రాత్రి_డ్యూటీ:
మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ ట్రిస్క్వెల్ వేస్తే ఆ పాత మెషిన్లలో వైఫై కార్డులు పనిచేయకపోవచ్చు, వాటిని నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం స్వేచ్ఛది కాదు కాబట్టి అందులో ఉండదు. ల్యాబ్ ఆగిపోతే నష్టపోయేది పిల్లలు. ముందు నడవనివ్వండి. ఏది స్వేచ్ఛ, ఏది కాదు అని గోడమీద ఒక చార్టు పెడితే సోషల్ మాస్టారు మనకంటే బాగా చెబుతారు.

నాలుగు_స్వేచ్ఛలు:
ఒప్పుకుంటున్నాను. చార్టు నేను తయారుచేసి పంపుతాను.

పల్లవి_థర్డ్‌ఇయర్:
నేను బీటెక్ మూడో సంవత్సరం. మా కాలేజీలో ఓపెన్ సోర్స్ అంటే అందరికీ రెజ్యూమెలో చూపించడానికి, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో మన పేజీ మీద పడే పచ్చ గళ్లే. ఒక వీడియో పాఠం చూసి మా క్లాసులో చాలామంది ఎవరిదో ప్రాజెక్టుకు వెళ్లి రీడ్‌మీ ఫైలులో తమ పేరు చేర్చి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చుకోండి అనే వినతి) పంపారు. నేనూ పంపాను. ఆ ప్రాజెక్టువాళ్లు దాన్ని మూసేస్తూ, ఇలాంటివి వందల్లో వస్తున్నాయి, దయచేసి ఆపండి అని రాశారు. అది చదివాక చాలా బాధేసింది. నిజంగా పనికొచ్చే పని చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రి_డ్యూటీ:
పల్లవీ, బాధపడిన దానివి కాబట్టి నువ్వు మంచి పని చేస్తావు. నీకు ఒక సంఘటన చెప్పాలి.

ఎక్స్‌జడ్ అని ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ ఉంది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషే, జీతం లేకుండా, చూసుకుంటూ వచ్చాడు. ఆయన ఆరోగ్యం బాగోలేదని, ఇది ఊరికే చేస్తున్న పనని మెయిలింగ్ లిస్టులో రాశాడు కూడా. కొందరు అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయని ఒత్తిడి చేశారు. ఆ సమయంలో సాయం చేస్తానంటూ ఒక మారుపేరు మనిషి వచ్చి, రెండేళ్లు నమ్మకంగా పనిచేసి, చివరికి అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చి 29న అది బయటపడింది. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. సోర్స్ కోడ్ చేతిలో ఉంది కాబట్టి తవ్వగలిగాడు.

ప్రాజెక్టులకు కొరత కోడ్ రాసేవాళ్లదే కాదు. వచ్చిన రిపోర్టులు చదివి, తమ మెషిన్‌లో అదే తప్పు వస్తోందో లేదో చూసి, "అవును, ఈ వెర్షన్‌లో వస్తోంది, ఈ వెర్షన్‌లో రావడం లేదు" అని రెండు లైన్లు రాసే ఓపిక ఉన్నవాళ్లకు కూడా కొరతే. నువ్వు రోజూ వాడే ఒక్క ప్రోగ్రాం ఎంచుకో. నెలరోజులు దాని బగ్ (తప్పుల) జాబితా చదువు. అర్థమైన పాత రిపోర్ట్ ఒకటి తీసుకుని పరీక్షించు. ఆ పేజీలో నీ పేరు నాలుగోసారి కనపడేసరికి వాళ్లే నిన్ను పలకరిస్తారు. ఏఐతో రిపోర్టులు రాయించి పంపకు. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ప్రాజెక్టును నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచి మొత్తుకుంటున్నది అదే: చూడటానికి నీట్‌గా ఉండి లోపల ఏమీ లేని రిపోర్టులు చదవడానికే రోజు గడిచిపోతోందని.

హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగులో ఈ పని చేస్తోంది, చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో వాళ్ల గ్రూపులు ఉన్నాయి. మీ కాలేజీలో ఉందేమో కనుక్కో, లేకపోతే మొదలుపెట్టు. ఏటా సెప్టెంబర్ మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే. ఒక గది, నాలుగు పెన్‌డ్రైవ్‌లు ఉంటే చాలు.

వలస_పక్షి:
డల్లస్ నుంచి. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు తెలిసింది, సమాచారాన్ని రహస్యంగా పంపడానికి ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు నమ్ముకున్న ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లని. మన ఐటీ ఉద్యోగాలన్నీ ఈ పునాది మీదే ఉన్నాయి. ఇక్కడ చాలా కంపెనీలు మనం ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, రెండూ ఆ కంపెనీల జాబితాల్లోకి వచ్చే నమోదైన సంస్థలే. ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్నది మేలు, వాళ్లు దాన్ని నమ్ముకుని మనిషిని పెట్టుకోగలరు. ఇక్కడున్న తెలుగువాళ్లు గుడికీ, అసోసియేషన్‌కూ ఇస్తున్నట్టే దీనికీ ఇవ్వాలని నా కోరిక.

అనువాదాల_అక్క:
బడి_గంట మాస్టారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులుగా జవాబు రాయాలనుకుంటున్నాను. మీరు ఏం ఇవ్వగలరో నేను చెబుతాను. మాలాంటివాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఉంది.

పదేళ్లుగా తెలుగు అనువాదాలు చేస్తున్నాను. ఫైర్‌ఫాక్స్‌కు పాంటూన్‌లో, లిబ్రేఆఫీస్‌కు వెబ్‌లేట్‌లో, వికీపీడియా తెరమీది మాటలకు ట్రాన్స్‌లేట్‌వికీలో. ఈ మూడూ అనువాదాలు చేసే వెబ్‌సైట్లు, ఎక్కడా కోడ్ రాయక్కర్లేదు. ఎడమవైపు ఇంగ్లీషు ముక్క, కుడివైపు మనం తెలుగు రాసే గడి. సులువుగా కనపడుతుంది కదా? "పేజ్ 3 ఆఫ్ 10" తీసుకోండి. ఆ 3, 10 ఉండే చోట ప్రోగ్రాం తర్వాత అంకెలు పెట్టుకోవడానికి గుర్తులు ఉంటాయి. ఉన్న వరుసలోనే తెలుగు చేస్తే "పేజీ 3 యొక్క 10" అవుతుంది. ఏ తెలుగువాడూ అలా అనడు. "10లో 3వ పేజీ" అనాలి. అంటే గుర్తుల వరుస తిరగేసి, ఏది మొదటిదో ఏది రెండోదో వాటి పక్కన అంకె వేసి చెప్పాలి. అది మరిచిపోతే "3లో 10వ పేజీ" అని వస్తుంది. నేను చేసిన మొదటి తప్పు అదే, ఆరు నెలలు ఎవరూ గమనించలేదు.

అంతకంటే కష్టం మాట ఎంచుకోవడం. ఫైలును కొన్ని అనువాదాల్లో "దస్త్రం" అన్నారు, ఫోల్డర్‌ను "సంచయం" అన్నారు, సెట్టింగ్స్‌ను "అమరికలు" అన్నారు. మా మెయిళ్లలో వీటిమీద ఎన్నో వాదనలు జరిగాయి. అందరం పెద్దవాళ్లం, ఇంగ్లీషులో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లం. మొదటిసారే తెలుగులో చూసే పిల్లవాడికి ఏది తడుతుందో మాలో ఎవరికీ తెలియదు. మీ ల్యాబ్‌లో ఆ పిల్లలే ఉన్నారు. ఒక నోటుబుక్ పెట్టండి. ఏ మాట దగ్గర ఆగారో, దేన్ని చూసి వెంటనే నొక్కారో రాసి పంపండి.

అచ్చు_పని:
అక్కా, ఇది చాలా మంచి మాట. నా దగ్గర పాత పుస్తకాల ఫైళ్లు వందకు పైగా ఉన్నాయి, వాటిని యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. పాత ఫాంట్ల తెలుగును మార్చడానికి వెన్న నాగార్జున గారు చేసిన పద్మ అనే ప్రోగ్రాం అప్పట్లో ఎందరికో దారి చూపింది. తెలుగు వికీపీడియాను 2003లో మొదలుపెట్టిందీ ఆయనే. రచయితలు అనుమతిస్తే ఈ పుస్తకాల్లో కొన్నిటిని వికీసోర్స్ అనే స్వేచ్ఛా గ్రంథాలయంలో పెట్టాలని ఉంది. ప్రూఫులు చూసేవాళ్లు కావాలి. మార్పిడిలో వత్తులు అక్కడక్కడా జారిపోతున్నాయి.

ఖాతా_పుస్తకం:
అందరి పోస్టులూ చదివాను. మా ఆఫీసు ప్యాకేజీ మార్చడం నా చేతిలో లేదు. కానీ డాంగిల్ కథ చదివాక నా క్లయింట్ల పదేళ్ల లెక్కలు ఏ రూపంలో ఉన్నాయో చూశాను. అన్నీ ఆ ప్యాకేజీ తెరిస్తేనే కనపడేవి. ఈ వారం కూర్చొని ఏడాదివారీగా సీఎస్‌వీ (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే పట్టిక ఫైలు), పీడీఎఫ్ తీసి పెట్టుకున్నాను. అచ్చు_పని గారూ, ప్రూఫులు నాకు పంపండి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను.

బడి_గంట:
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పదో తరగతి పరీక్షల డ్యూటీ.

అక్క చెప్పినట్టు నోటుబుక్ పెట్టాం. రాసే పని ఎనిమిదో తరగతి వాళ్లే తీసుకున్నారు. "అతికించు", "కత్తిరించు" దగ్గర ఎవరూ ఆగలేదు. "చెత్తబుట్ట" చూడగానే అర్థమైంది. "సంచయం" పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియలేదు. ఒకడు సంచి అని ఉంటే తెలిసేది సార్ అన్నాడు. "దస్త్రం" ముగ్గురికి తెలుసు, ఆ ముగ్గురి ఇళ్లలోనూ పొలం కాగితాల గొడవ ఉంది. "అమరికలు" అంటే అలంకరణ అనుకున్నారు. మొత్తం 31 మాటలు, ఫొటోలు తీసి అక్కకు పంపాను.

ఇంకొకటి. హాజరు పట్టీ శీర్షికలో "రాష్ట్రం" అని కొడితే ష కింద ట వత్తు కనపడుతోంది, దాని కింద క్రారవడి సగం తెగిపోతోంది. గడి ఎత్తు పెంచితే వస్తోంది, ఫైలు మూసి తెరిస్తే మళ్లీ తెగుతోంది. పల్లవి ఫోన్‌లో దగ్గరుండి బగ్ రిపోర్ట్ రాయించింది: వెర్షన్ ఎంత, ఫాంట్ ఏది, ఏం చేస్తే వస్తోంది, రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి. తెర ఫొటో, ఫైలు రెండూ జతచేశాం. నాలుగు రోజులకు ఎవరో జవాబిచ్చారు. తన మెషిన్‌లోనూ అలాగే వస్తోందని, ఇంకో ఫాంట్‌తో కూడా పరీక్షించి చెప్పగలరా అని అడిగారు. ఆ జవాబు పిల్లలకు బోర్డు మీద రాసి చూపించాను. "మన రాష్ట్రం గురించి వాళ్లకు తెలిసిపోయింది సార్" అన్నారు.

అనువాదాల_అక్క:
ఫొటోలు అందాయి మాస్టారూ. "సంచయం" మీద చర్చ మళ్లీ తెరిచాను, మీ నోటుబుక్ పేజీ అక్కడ పెట్టాను. ఇద్దరు అప్పుడే "ఫోల్డర్" అని ఉంచుదామన్నారు, ఒకరు వ్యతిరేకించారు. తేలడానికి సమయం పడుతుంది. "అమరికలు" పక్కన పిల్లలు ఏమనుకున్నారో రాశారు గానీ, ఏ మాట అయితే బాగుండేదో రాయలేదు. అడిగి చెప్పగలరా?

పల్లవి_థర్డ్‌ఇయర్:
సార్, మేం నలుగురం వచ్చే శనివారం మీ బడికి వస్తున్నాం. ఇంకో నాలుగు ఫాంట్లతో "రాష్ట్రం", "స్త్రీ", "దంష్ట్ర" అన్నీ పరీక్షించి ఆ రిపోర్ట్‌లోనే రాసేద్దాం. ఆ 32 బిట్ మెషిన్లు కూడా ఒకసారి చూస్తాం.

బడి_గంట:
రండమ్మా. ల్యాబ్ తొమ్మిదిన్నరకు తీస్తాను. కరెంటు పదకొండు నుంచి ఒంటిగంట దాకా పోతోంది, ముందే వస్తే మంచిది. భోజనం మా ఇంట్లోనే.